ఐదున్నర లక్షల డాలర్ల పాతసామాను

డిసెంబరు సంచికకు మంచులో పొగ కక్కుతూ వచ్చే ఆవిరి రైలు ముఖచిత్రం కావాలన్నది ఎడిటర్ కోరిక. గడువు తక్కువే అయినా బొమ్మలకు కొదవ లేదు. అమెరికాలో కొలరాడో, న్యూమెక్సికో రాష్ట్రాల సరిహద్దులో నడిచే కుంబ్రెస్ అండ్ టోల్టెక్ రైల్వేని ఫొటో తీయని రైలు పిచ్చోడు ఆ దేశంలో ఉండడేమో. నల్ల ఇంజను, తెల్ల కొండ, మధ్యలో పొగ... క్యాలెండర్‌కి ఇంకేం కావాలి? కానీ ఈ రైల్వే కథలో ప్రాణమున్నది ఆ బొమ్మల్లో కాదు, 1970 నాటి ఒక కొనుగోలు పద్దులో.

పద్దులో ఉన్న సరుకు ఇదీ: 64 మైళ్ల నేరోగేజ్ లైను, దాని వెంట ఉన్న కట్టడాలు, చామా ఊళ్లోని యార్డు, మరమ్మతుల షెడ్డు, తొమ్మిది ఆవిరి ఇంజన్లు, 130కి పైగా గూడ్సు పెట్టెలూ పనిబళ్లూ. కొన్నది రెండు రాష్ట్ర ప్రభుత్వాలు, ఉమ్మడిగా. ధర 5,47,120 డాలర్లు. డాలరు ఏడున్నర రూపాయలున్న రోజులవి కాబట్టి, మన లెక్కలో 41 లక్షలు. మైలుకు పంచితే 8,550 డాలర్లకు కాస్త అటూ ఇటూ. ఇంజన్లు కొసరు అనుకోవాలి!

అమ్మినవాళ్ల దృష్టిలో అదంతా తుక్కే. అందుకే ఆ పద్దు ముచ్చటగా ఉంటుంది. ఏది గొప్పది, ఏది పనికిరానిది అని ఏరే ఓపిక ఎవరికీ లేకపోవడంతో మొత్తం కట్టగట్టి ఇచ్చేశారు. ఆ కట్టలోనే, పనిబళ్ల వరసలో, రెండు పాత మంచు యంత్రాలు కూడా వచ్చాయి. ఒకదాని పేరు ‘ఓఎం’, 1889లో తయారైంది. రెండోది ‘ఓవై’, 1923 నాటిది. రెండూ న్యూజెర్సీలోని పాటర్సన్‌లో, కుక్ కార్ఖానాలో పుట్టినవే. వాటిలో ప్రయాణికుడు కూర్చోడానికి చోటు లేదు. వాటి మీద ఏ కంపెనీ ఒక్క టన్ను సరుకు మోసి కిరాయి పుచ్చుకోలేదు. ఈ రైల్వే మొత్తంలో కాస్త ఎక్కువ మర్యాద ఇవ్వాల్సింది మాత్రం వీటికే.

చరిత్ర కొంచెం పరుగున చెప్పుకోవాలి. శాన్ హువాన్ కొండల వెండి కోసం డెన్వర్ అండ్ రియో గ్రాండే కంపెనీ 1880లో ఈ లైను వేసింది. పట్టాలు 1881లో డురాంగోకి, 1882లో సిల్వర్టన్‌కి చేరాయి. 1893లో వెండి ధర కూలింది. ఆ తర్వాత కలప, పశువులు, చమురు, 1950లలో గ్యాస్ బావులకు పైపులు ఈ బండిని బతికించాయి. ‘శాన్ హువాన్’ ప్యాసింజరు 1951లో ఆగింది, గూడ్సు 1968లో. ఇక లైను ఎత్తేద్దామన్న దశలో రెండు రాష్ట్రాలూ ముందుకొచ్చాయి. 1971 నుంచి పర్యాటకుల బండి నడుస్తోంది.

దారి మాత్రం మామూలుది కాదు. చామా ఎత్తు సముద్రమట్టానికి 7,863 అడుగులు, కుంబ్రెస్ కనుమ 10,015 అడుగులు. మధ్య దూరం దాదాపు 14 మైళ్లు. వాలు ప్రతి 25 అడుగులకు ఒక అడుగు. అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ లైనుతో పోలిస్తే సంగతి తెలుస్తుంది, అక్కడ 60కి ఒకటే. పైగా కుంబ్రెస్ దగ్గర చలికాలంలో మంచు మనిషి ఎత్తును దాటి పేరుకుంటుంది.

ఆ ఎక్కుడు మీద బండిని లాగే ఇంజన్లు ‘కె-36’ తరగతివి, 1925లో బాల్డ్విన్ కంపెనీ చేసినవి. 36 అంటే 36 వేల పౌండ్ల పైచిలుకు లాగుడు బలం. ఇరుకు గేజ్ మీద అంత బలం పట్టించడానికి వీటి చట్రాన్ని చక్రాలకు బయటివైపు పెట్టారు. దాంతో ఇంజను కదులుతుంటే చక్రాలు లోపల దాక్కుంటాయి, బరువైన ఇనప క్రాంకులు మాత్రం బయట గిర్రున తిరుగుతూ కనిపిస్తాయి. పక్కన నిలబడి చూస్తే కొంచెం భయమేస్తుంది. చామా దగ్గర్లోని లొబాటో వంతెన 100 అడుగుల ఎత్తున ఉంటుంది. ఇలాంటివి రెండు కలిసి దాని మీదికి పోకూడదు. ముందు ఇంజను విడిపోయి ఒంటరిగా దాటాలి, అవతల ఆగాలి, బండి వచ్చాక మళ్లీ తగులుకోవాలి. నూరేళ్ల యంత్రాన్ని నడపడమంటే ఇలాంటి చాకిరీయే ఎక్కువ.

చలికాలం వస్తే మొదట ఇంజను ముక్కుకి నాగలి లాంటి రేకు తగిలించేవారు. కొద్దిపాటి మంచుకు అది చాలు, పక్కకు తోసేస్తుంది. కానీ కొండను తొలిచి పట్టాలు వేసిన చోట పక్కకు తోయడానికి పక్క అంటూ ఉండదు. తోసిన మంచు గోడలకు తగిలి మళ్లీ పట్టాల మీదికే జారుతుంది. రెండు మూడు సార్లు అలా జరిగితే నాగలి అందులోనే ఇరుక్కుపోతుంది. అప్పుడే రోటరీని, అంటే ‘ఓఎం’, ‘ఓవై’ లాంటి మంచు యంత్రాన్ని, పిలిచేవారు.

చూడ్డానికి చెక్క పెట్టెలా ఉంటుంది. ముందు వైపు మనిషి కంటే ఎత్తైన చక్రం, దాని చుట్టూ ఇనప గూడు. చక్రంలో గరాటుల్లాంటి దోనెలు, వాటి అంచులకు మడతబందు మీద కదిలే కత్తులు. కత్తి మంచును కోస్తుంది, దోనె దాన్ని పట్టుకుంటుంది, తిరుగుడు వేగానికి అది గూడు పైనున్న నోట్లోంచి దూరంగా విసిరేయబడుతుంది. లోయ ఎడమవైపు ఉంటే చక్రాన్ని ఒకలా, కుడివైపుంటే ఇంకోలా తిప్పుతారు. తిరిగే దిశ మారితే కత్తులు వాటంతటవే తిరగబడతాయి. చక్రం వెనక, పెట్టె లోపల, మామూలు రైలింజనుకు ఉండేలాంటి బాయిలరు, రెండు సిలిండర్లు. ఆ ఆవిరంతా చక్రానికే ఖర్చు. బండిని ముందుకు కదిలించడానికి ఒక్క చుక్క మిగలదు. అంటే రోటరీ తనంతట తాను అంగుళం కూడా కదలదు, వెనక ఇంజన్లు నెట్టాలి.

అసలు నైపుణ్యం ఈ నెట్టడంలోనే ఉంది. వెట్ గ్రైండర్‌కు తగిలించే కొబ్బరి కోరు వాడినవాళ్లకు చెప్పక్కర్లేదు: చిప్పను మరీ అదిమితే కోరు ఆగిపోతుంది, వదులుగా పట్టుకుంటే కొబ్బరి రాలదు. ఇక్కడ చిప్ప స్థానంలో మంచుకొండ, చెయ్యి స్థానంలో వెనకున్న ఇంజన్లు. ముందు చక్రం ఎంత బరువు మీద తిరుగుతోందో వెనక డ్రైవర్లకు కనిపించదు. చక్రాన్ని తిప్పే మనిషికేమో దారి కనిపించదు, అతనుండేది పెట్టె లోపల. దారి కనిపించేది ముందు గదిలో కిటికీ దగ్గర నిలబడ్డ ఒక్క మనిషికే, అదీ ఎగిరే మంచు కరుణిస్తే. అందుకే అందరి మధ్యా మాట కూతల్లోనే. ముందుకి, ఆపు, వెనక్కి, ప్రతిదానికీ ఒక కూత. కూతను తప్పుగా వింటే చక్రం ఆగిపోవచ్చు, పట్టా తప్పవచ్చు.

చక్రం కింద ఇంకో తతంగముంది. పట్టాల మధ్య గడ్డకట్టిన మంచును గీకడానికి ఇనప రేకులుంటాయి. రోడ్డు దాటేచోట, పట్టాలు చీలేచోట వాటిని పైకి లేపాలి, దాటాక దించాలి. మర్చిపోతే రేకులు పట్టానే పట్టుకుంటాయి. ఇక కొండచరియ నుంచి జారిపడిన మంచైతే చక్రం మీద నమ్మకం పెట్టుకోలేం. అందులో చెట్లుంటాయి, బండలుంటాయి. కత్తి మంచును కోయగలదుగానీ దుంగను కాదు. అలాంటి చోట రోటరీని ఆపి, కూలీలు పారలతో దిగాల్సిందే.

ఇంత చేసి ఇది నడిచేది ఎంత వేగంతో? దట్టమైన మంచులో మనిషి నడక కంటే ఎక్కువేం ఉండదు. రోటరీ బాయిలరుకీ, వెనక ఇంజన్లకీ బొగ్గు, నీళ్లు కావాలి, ప్రతిచోటా మనుషులు కావాలి. నడిపిన రోజల్లా ఖర్చే.

అందుకనే ఈ రైల్వే ఇప్పుడు చలికాలంలో పోరాడదు. మే చివరి నుంచి అక్టోబరు చివరి దాకా బండ్లు నడుస్తాయి, తర్వాత తాళం. వసంతంలో మిగిలిన మంచును తీయడానికి ఆధునిక యంత్రాలున్నాయి. విడ్డూరమేమిటంటే, అదే కనుమ మీదుగా పట్టాలకు దగ్గర్లోనే పోయే 17వ నంబరు రోడ్డును చలికాలమంతా ప్రభుత్వ లారీలు శుభ్రం చేస్తూనే ఉంటాయి. కార్లలో పోయేవాళ్లు మంచు కింద నిద్రపోయే రైలు దారిని చూస్తూ దాటిపోతారు.

మరి ‘ఓవై’ ఏమైంది? ఇరవై ఏళ్లకు పైబడిన విరామం తర్వాత 2020లో, ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో, దాన్ని మళ్లీ రాజేశారు. రాష్ట్రాలు లైను కొన్న 50వ ఏడాది గుర్తుగా. వెనక రెండు కె-36లు నెట్టాయి, చామా నుంచి కొండ మీదికి. దారి పొడవునా కెమెరాలు. అవసరం కోసం కాక చూడ్డానికి మంచు తీయడమేమిటని అడిగేవాళ్లుంటారు, అడగడం సబబే. నిజానికి ‘కాలం ఆగిపోయిన చోటు’ అనే పర్యాటక ప్రకటనలు ఈ రైల్వేకి అన్యాయమే చేస్తాయి. కాలం ఇక్కడ ఆగలేదు. కార్చిచ్చు భయంతో కొన్ని ఇంజన్లను బొగ్గు నుంచి నూనెకు మార్చారు. 2010 జూన్‌లో లొబాటో వంతెన తగలబడితే బాగుచేసుకుని మరుసటి ఏడాది తెరిచారు. ఆగింది డబ్బు. 1920ల తర్వాత కొత్తవి కొనే స్తోమత రియో గ్రాండేకి ఈ లైను మీద రాలేదు కాబట్టే 1889 నాటి చక్రం పద్దులో ఇంకా మిగిలి ఉంది. లాభాలొచ్చిన లైన్లలో ఇలాంటివి ఏనాడో కరిగి రేకులయ్యాయి. అయినా, 2020లో చక్రం మళ్లీ తిరిగిందంటే దాన్ని తిప్పడం తెలిసిన చేతులు తయారయ్యాయన్నమాట. చూసే తమాషా సంగతి ఎలా ఉన్నా, ఆ పని పుస్తకం చదివితే వచ్చేది కాదు.

దంత వైద్యుడి ఊహ

మంచును తిరిగే చక్రంతో కోయొచ్చన్న ఊహకు 1869లో పేటెంటు తీసుకున్నది కెనడాలోని టొరంటో నగరానికి చెందిన జె.డబ్ల్యూ. ఇలియట్ అనే పళ్ల డాక్టరు. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఆరెంజ్ జల్ అనే ఆయన దాన్ని మెరుగుపరిచి, తయారీని లెస్లీ సోదరులకు అప్పగించాడు. 1880ల మధ్యలో అది పట్టాలెక్కింది. పళ్లు తొలిచే వృత్తికీ దీనికీ సంబంధముందో లేదో పాఠకులే తేల్చుకోవచ్చు.

మన నేరోగేజ్

కుంబ్రెస్ లైను గేజ్ మూడడుగులు, అంటే 914 మిల్లీమీటర్లు. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోయిన బండిది ఇంకా ఇరుకు, 762. మంచు బాధ లేదుగానీ రాబడి బాధ దానికీ తప్పలేదు. నేరోగేజ్ బండి 2004లో ఆగింది, తర్వాత బ్రాడ్‌గేజ్ పడింది.

పదింట ఒకటి తక్కువ

కె-36లు మొత్తం పది, 480 నుంచి 489 దాకా. అయిదు కుంబ్రెస్‌లో, నాలుగు డురాంగో–సిల్వర్టన్ లైనులో ఉన్నాయి. మిగిలిన 485 ఏమైందంటే, 1953లో సలైడా ఊళ్లో ఇంజన్లను తిప్పే గోతిలో పడింది. పైకి లాగి, విడిభాగాలు తీసుకుని, తుక్కుకి వేశారు.