పరాయి దేశపు బడిలో నాలుగు వారాలు: ఛాత్రోపాధ్యాయులకు లభించే అనుభవం, మనకు అందే పాఠం

(ప్రత్యేక వ్యాసం)

ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించే వారికి పుస్తక జ్ఞానంతో పాటు పాఠశాల అనుభవం కూడా అత్యవసరమన్న సంగతి విదితమే. ఈ దృష్టితోనే జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో జారీ చేసిన నిబంధనల ద్వారా బి.ఇడి. కోర్సు కాలాన్ని రెండేళ్లకు పెంచి, అందులో 20 వారాలను పాఠశాలలలో గడపాలని నిర్దేశించింది. మొదటి ఏడాది 4 వారాలు, రెండవ ఏడాది 16 వారాలు ఇందుకు కేటాయించబడ్డాయి. కొన్ని దేశాలు ఈ అనుభవాన్ని సరిహద్దులు దాటించి, ఛాత్రోపాధ్యాయులను పొరుగు దేశపు బడులకు పంపుతున్నాయి. ఆగ్నేయాసియాలో అమలవుతున్న ‘సీ-టీచర్’ పథకం ఇటువంటి ప్రయత్నాలలో పరిశీలించదగినది.

పథకం స్వరూపం

ఆగ్నేయాసియా విద్యా మంత్రుల సంస్థ (సీమియో) 1965లో ఏర్పడింది. దీని సచివాలయం బ్యాంకాక్‌లో ఉంది. ఇండోనేసియా, కంబోడియా, టిమోర్-లెస్తె, థాయిలాండ్, ఫిలిప్పీన్స్, బ్రూనై, మయన్మార్, మలేసియా, లావోస్, వియత్నాం, సింగపూర్ ఇందులో సభ్య దేశాలు. ఈ సంస్థ ఆధ్వర్యంలో ఇండోనేసియా, థాయిలాండ్, ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయాల మధ్య 2016లో ఛాత్రోపాధ్యాయుల మార్పిడి ఆరంభమైంది. గణితం, విజ్ఞాన శాస్త్రం, ఇంగ్లీషు తదితర విషయాలను బోధించనున్న విద్యార్థులు సుమారు ఒక నెల పాటు మరో దేశంలోని పాఠశాలలో పనిచేస్తారు.

ఈ నెల రోజులను నాలుగు దశలుగా విభజించారు. మొదటి వారం తరగతి గదిలో వెనుక కూర్చుని పరిశీలించడం. రెండవ వారం అక్కడి మార్గదర్శక ఉపాధ్యాయునికి సహాయకునిగా వ్యవహరించడం. మూడవ వారం స్వయంగా పాఠం చెప్పడం. నాలుగవ వారం చేసిన పనిని సమీక్షించుకుని నివేదిక సమర్పించడం. చూడడం, చేయూతనివ్వడం, చేయడం, చింతన చేయడం అన్న ఈ క్రమంలోనే పథకం సారమంతా ఉన్నది. వచ్చిన మరునాడే తరగతిని అప్పగించకపోవడం ఇందులోని ముఖ్యమైన జాగ్రత్త.

పిలుపు ఒక్కటే, పద్ధతులు వేరు

ఈ మూడు దేశాలలోనూ ఉపాధ్యాయుని పిలిచే మాట ఒకే మూలం నుంచి వచ్చింది. ఇండోనేసియాలో ‘గురు’, ఫిలిప్పీన్స్‌లో ‘గురో’, థాయిలాండ్‌లో ‘ఖ్రూ’. మూడింటికీ మూలం సంస్కృతంలోని ‘గురు’ శబ్దమే. అయినప్పటికీ గౌరవాన్ని ప్రకటించే తీరులో భేదం కనిపిస్తుంది. ఇండోనేసియా బాలుడు ఉపాధ్యాయుని చేతిని అందుకుని నుదుటికి ఆనించుకుంటాడు. థాయి బాలిక చేతులు జోడించి తల వంచుతుంది. థాయి పాఠశాలలో ఉదయం 8 గంటలకు పతాకావిష్కరణ, జాతీయ గీతాలాపన జరుగుతాయి. నల్లబల్లపై తేదీ వేసేటప్పుడు బౌద్ధ శకాన్ని అనుసరిస్తారు గనుక 2024వ సంవత్సరం అక్కడ 2567 అవుతుంది. పరిశీలనకు కేటాయించిన మొదటి వారంలో ఈ సంగతులు తెలుసుకోని వారికి మూడవ వారంలో తడబాటు తప్పదు.

అంకెలకూ భాష ఉంది

గణితానికి భాషతో పనిలేదని సాధారణంగా భావిస్తాము. ఈ భావన ఎంతవరకు నిజమో పరాయి తరగతి గది తేల్చి చెబుతుంది. ఇండోనేసియాలో దశాంశాన్ని సూచించడానికి కామాను, వేలను విడదీయడానికి చుక్కను వాడతారు. ఫిలిప్పీన్స్‌లో మన వలెనే చుక్క దశాంశానికి, కామా వేలకు గుర్తు. ఇండోనేసియా నుంచి మనీలా వచ్చిన ఛాత్రోపాధ్యాయిని పదిహేను వందలు అన్న ఉద్దేశంతో నల్లబల్లపై 1.500 అని వేసిందనుకుందాం. పిల్లలు దానిని ఒకటిన్నరగా చదువుతారు. లెక్కలో తప్పు లేదు, పిల్లల చదువులోనూ తప్పు లేదు. అయినా సమాధానం మాత్రం కుదరదు. భాగహారానికి ఇండోనేసియా బడులలో రెండు చుక్కల గుర్తును వాడడం మరొక ఉదాహరణ.

తన దేశంలో ఉన్నంతకాలం ఉపాధ్యాయిని ఈ గుర్తులను సహజమైనవిగా భావిస్తుంది. అవి ఒక ఒప్పందం మాత్రమేనని, దానిని పిల్లలకు విడమరచి చెప్పవలసి ఉంటుందని గ్రహించడం ఈ అనుభవం వల్ల కలిగే తొలి ప్రయోజనం.

మౌనం అంగీకారం కాదు

రెండవ అనుభవం మరింత లోతైనది. థాయి సమాజంలో ‘క్రెంగ్ జాయ్’ అనే భావనకు గొప్ప విలువ ఉంది. ఎదుటివారిని, ముఖ్యంగా పెద్దలను ఇబ్బంది పెట్టరాదన్న సంకోచాన్ని ఈ మాట సూచిస్తుంది. మన ‘మొహమాటం’ దీనికి చాలా దగ్గరి మాట. కొత్తగా వచ్చిన పరదేశీ ఉపాధ్యాయురాలు పాఠం చెప్పి “అర్థమైందా?” అని అడిగితే, అర్థం కాలేదని చెప్పి ఆమెను నొప్పించడానికి ఎందరో పిల్లలు వెనుకాడతారు. తరగతి నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్ని అవగాహనగా భావించి ముందుకు సాగితే పాఠం ముగుస్తుంది గాని చదువు మొదలుకాదు.

ఈ చిక్కును అధిగమించడానికి ఛాత్రోపాధ్యాయులు మాటపై ఆధారపడడం తగ్గించవలసి వస్తుంది. ప్రశ్నకు జవాబును వేళ్లతో చూపించమనడం, పలకపై రాసి ఎత్తి పట్టుకోమనడం, బొమ్మ గీయమనడం, వస్తువులను చేతికిచ్చి చేసి చూపమనడం, ఇద్దరిద్దరు పిల్లలను జతచేసి వారి భాషలోనే చర్చించుకోనివ్వడం వంటి పద్ధతులను అనుసరించాలి. స్థానిక భాషలో పది పదిహేను మాటలు నేర్చుకుని వాడినా తరగతి వాతావరణం మారుతుంది. ఉపాధ్యాయురాలు తమ మాటను తప్పుగా పలికి, సరిదిద్దించుకున్నప్పుడు పిల్లల సంకోచం తగ్గుతుంది. ఇవన్నీ శిక్షణ కళాశాలలో చదువుకున్న పద్ధతులే. అయితే అక్కడ అవి మార్కుల కోసం రాసిన పాఠ్య ప్రణాళికలో భాగాలు. ఇక్కడ అవి లేకుంటే పాఠమే నడవదు.

అంతకు మించిన విశేషం మరొకటి ఉంది. థాయి లిపిలో పదాల మధ్య ఖాళీ ఉండదు. ఉచ్చారణలో ఐదు స్వరాలు ఉండి, స్వరం మారితే అర్థం మారుతుంది. గోడమీది ప్రకటనను చదవలేక, ఉపాధ్యాయుల గదిలో సంభాషణ అర్థం కాక, చిరునవ్వుతో తల ఊపే ఆ ఛాత్రోపాధ్యాయిని స్వయంగా బడిభాష రాని పిల్ల స్థానంలో నిలుస్తుంది. ఈ స్థితి ఎలా ఉంటుందో ఉపన్యాసాల ద్వారా తెలియజేయడం సాధ్యం కాదు.

పరిమితులు

ఈ పథకాన్ని సర్వరోగ నివారిణిగా భావించనవసరం లేదు. నెల రోజులు స్వల్ప వ్యవధి. ఆతిథ్యమిచ్చే విశ్వవిద్యాలయం బోధనా రుసుము వసూలు చేయకపోయినా, ప్రయాణం, నివాసం వంటి ఖర్చులను సాధారణంగా విద్యార్థి గాని, పంపిన విశ్వవిద్యాలయం గాని భరించవలసి ఉంటుంది. అందువల్ల స్తోమత లేని కుటుంబాల వారికి ఈ అవకాశం సులభంగా అందదు. మార్గదర్శక ఉపాధ్యాయుడు సమయం కేటాయించని పక్షంలో ఇది విహారయాత్రగా మిగిలిపోయే ప్రమాదమూ లేకపోలేదు. తిరిగి వచ్చిన తరువాత స్వదేశపు తరగతిలో ఏమి మారిందన్నదే అసలైన కొలమానం.

మనకు వర్తించే అంశం

ఇటువంటి అనుభవం కోసం సముద్రాలు దాటవలసిన అవసరం తెలుగు రాష్ట్రాలకు లేదు. పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలలో సవర, కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలు. ఆదిలాబాద్, కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లాలలో గోండి, కొలామి మాట్లాడే పిల్లలు. రెండు రాష్ట్రాలలోనూ కోయ భాషీయుల పిల్లలు ఒకటవ తరగతిలో అడుగుపెట్టిన రోజున తెలుగు వాచకం ముందు మౌనంగా కూర్చుంటారు. ఈ సమస్యను గుర్తించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా అనే 8 భాషలలో మాతృభాష ఆధారిత బహుభాషా విద్యా కార్యక్రమాన్ని ప్రారంభించారు. వాచకాలను తెలుగు లిపిలోనే ముద్రించి, పిల్లలు తమ భాష నుంచి క్రమంగా తెలుగులోకి వచ్చే విధంగా రూపొందించారు.

వాచకం ఎంత చక్కగా ఉన్నా, పిల్లల మౌనాన్ని అర్థం చేసుకోగల ఉపాధ్యాయుడు లేనిదే ఫలితం పరిమితమే. మైదాన ప్రాంతపు ఛాత్రోపాధ్యాయులు తమ 20 వారాలలో నాలుగు వారాలను గిరిజన ప్రాంత పాఠశాలలో, పైన వివరించిన నాలుగు దశల క్రమంలో గడిపితే, పరాయి దేశం నేర్పే పాఠంలో అధిక భాగం మన జిల్లాలలోనే లభిస్తుంది. ఇందుకు విమాన ఖర్చు అవసరం లేదు. కావలసినవి బస ఏర్పాటు, స్థానిక భాష తెలిసిన మార్గదర్శక ఉపాధ్యాయుడు, తొలి వారం పాఠం చెప్పకుండా పరిశీలించే ఓపిక మాత్రమే.

విదేశీ అనుభవ పథకాలను గురించి వార్తలు రాసే పాత్రికేయులు, ప్రతిపాదనలు రూపొందించే అధికారులు ఎందరు వెళ్లారు, ఎన్ని దేశాలు చూశారు అన్న లెక్కలతో సరిపెట్టుకోరాదు. తిరిగి వచ్చినవారు వెనుక వరుసలో మౌనంగా కూర్చున్న పిల్లవాని దగ్గరకు వెళ్లి, “అర్థమైందా?” అనే బదులు “చేసి చూపించు బాబూ” అనగలుగుతున్నారా అన్నది పరిశీలించాలి. పథకం సాఫల్యానికి అదే గీటురాయి.