కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు ఆగండి.. పాత విండోస్ 10 పీసీలో ఫ్రీగా లైనక్స్ వేసుకోవచ్చు! ఆ ఒక్క స్క్రీన్ దగ్గర మాత్రం జాగ్రత్త

మీ ఇంట్లో ఏడెనిమిదేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్ ఉందా? స్క్రీన్ బాగానే ఉంది, కీబోర్డ్ బాగానే పనిచేస్తోంది. కానీ విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందంటూ మెసేజ్‌లు వస్తున్నాయా? సర్వీస్ షాపుకు తీసుకెళ్తే ఎక్కువగా వినిపించే మాట ఒక్కటే. "అన్నా, ఇది విండోస్ 11కి సపోర్ట్ చెయ్యదు, ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకో". నిజానికి ఆ మెషీన్‌కు వచ్చిన రోగమేమీ లేదు. అందులో ఉన్న విండోస్‌కు గడువు తీరిందంతే.

2015 జులైలో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. అంటే కంప్యూటర్ ఆగిపోదు, పనిచేస్తూనే ఉంటుంది. కానీ కొత్తగా బయటపడే సెక్యూరిటీ లోపాలకు ఇక రిపేర్ ఉండదు. ఇంట్లో వాడేవాళ్ల కోసం ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ పేరుతో 2026 అక్టోబర్ 13 వరకు గడువు పెంచారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ సింక్ చేస్తే ఫ్రీ, లేదంటే వెయ్యి రివార్డ్ పాయింట్లు, అదీ కాకపోతే 30 డాలర్లు. ఏం చేయాలో తేల్చుకోవడానికి కాస్త టైమ్ కావాలంటే ఇది తీసుకోవడంలో తప్పులేదు.

మరి విండోస్ 11 ఎందుకు ఎక్కదు? దానికి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ జనరేషన్ లేదా ఆ తర్వాతిది ఉండాలి. మీది ఏ జనరేషనో చూడాలంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ నొక్కండి. ఐ5-7200యూ అని ఉంటే గీత తర్వాతి అంకె 7, అంటే 7వ జనరేషన్. ఒక్క మెట్టు తేడాతో లిస్ట్‌లో నుంచి ఔట్! ఐ5-10210యూ అని ఉంటే మాత్రం 10వ జనరేషన్, మీకు ఇబ్బంది ఉండకపోవచ్చు.

లైనక్స్ అంటే భయమెందుకు.. రోజూ వాడుతున్నదే

ఈ వార్త మీరు ఆండ్రాయిడ్ ఫోన్‌లో చదువుతుంటే మీ చేతిలో ఉన్నది లైనక్సే. ఆండ్రాయిడ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ అదే. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ యూనివర్సిటీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలుపెట్టారు. సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. లైసెన్స్ కీ గోల లేదు, క్రాక్ గోల అసలే లేదు. (అసెంబుల్డ్ పీసీలో కుర్రాడు వేసిచ్చిన 'యాక్టివేటర్' లోపల ఇంకేం చేస్తోందో ఎవరికి తెలుసు?)

పిల్లలకు అలవాటవుతుందా అనే డౌట్ ఉంటే పొరుగునే కేరళను చూడండి. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో చాలా ఏళ్లుగా లైనక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు చెబుతున్నారు. అక్కడి కైట్ సంస్థ ఉబుంటు ఆధారంగా స్కూళ్ల కోసం సొంత వెర్షన్ కూడా తయారుచేసింది. మన దగ్గర హైదరాబాద్‌కు చెందిన స్వేచ్ఛ సంస్థ డెబియన్ మీద తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తీసుకొచ్చింది.

లైనక్స్‌లో రకాలు బోలెడు. విండోస్ నుంచి మొదటిసారి మారేవాళ్లకు మా సలహా లైనక్స్ మింట్. కింద టాస్క్‌బార్, ఎడమవైపు మెనూ, పైన మూలన క్లోజ్ బటన్.. చూడగానే చెయ్యి దానంతటదే కదులుతుంది. ప్రస్తుత మింట్ 22 సిరీస్‌కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. కనీసం 2 జీబీ ర్యామ్ చాలంటారు గానీ, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరవాలంటే 4 జీబీ అయినా ఉండాలి. ర్యామ్ తక్కువైతే సినమన్ కాకుండా ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి, తేలికగా ఉంటుంది. ఒక్క మాట.. పాత హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్ లైనక్స్ వేసినంత మాత్రాన రాకెట్‌లా పరిగెత్తదు. హార్డ్ డిస్క్ తీసేసి చిన్న ఎస్‌ఎస్‌డీ వేయిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఆ ఖర్చు కొత్త ల్యాప్‌టాప్ ధరలో చాలా చిన్న వంతు.

వీళ్లు మాత్రం తొందరపడొద్దు

ఇంటి వాడకం అంటే చాలామందికి బ్రౌజర్, యూట్యూబ్, వాట్సాప్ వెబ్, ఆన్‌లైన్ బిల్లులు, పిల్లల ప్రాజెక్ట్ వర్క్. ఇవన్నీ మింట్‌లో ఇబ్బంది లేకుండా నడుస్తాయి. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ ముందే ఉంటాయి, వీఎల్‌సీ లాంటివి సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఒక్క క్లిక్‌తో వస్తాయి. అసలు చిక్కు మిగతా వాటితో.

ఇంట్లో డీటీపీ పని చేసేవాళ్లుంటే ఆగాలి. మన దగ్గర పెళ్లి కార్డుల నుంచి కరపత్రాల దాకా ఇప్పటికీ అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద నడిచే పని చాలానే ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం చేసింది. పైగా అను ఫాంట్లు యూనికోడ్ కావు కాబట్టి, ఆ ఫైల్‌ను లైనక్స్‌లో తెరిస్తే తెలుగు స్థానంలో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. టాలీలో లెక్కలు రాసేవాళ్లు కూడా విండోస్‌ను ఉంచుకోవడమే మంచిది. ఫొటోషాప్, ఆటోక్యాడ్ వాడేవాళ్లదీ అదే మాట. వలొరెంట్ లాంటి గేమ్ ఆడే పిల్లలుంటే ముందే చెప్పేయండి, అది లైనక్స్‌లో నడవదు. కొన్ని ఆన్‌లైన్ పరీక్షల ప్రొక్టరింగ్ యాప్‌లు కూడా విండోస్ మీదే పనిచేస్తాయి, పరీక్ష ముందురోజు తెలిస్తే కష్టం. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌తో టెండర్లు, రిటర్న్‌లు వేసేవాళ్లు తమ టోకెన్‌కు లైనక్స్ డ్రైవర్ ఉందో లేదో చూసుకున్నాకే కదలాలి.

ప్రింటర్ సంగతి కూడా చూడాలి. హెచ్‌పీ ప్రింటర్లలో చాలావరకు లైనక్స్ వెంటనే గుర్తుపడుతుంది. కానీ మన ఇళ్లలో, జిరాక్స్ షాపుల్లో తెగ కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900తో మాత్రం తంటా ఉంది. దాని లైనక్స్ డ్రైవర్ పాతది, సెట్ చేయడానికి ఓపిక కావాలి.

తెలుగు టైపింగ్ పోతుందేమో అనే భయం అక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్లు కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ యాడ్ చేసుకుంటే చాలు. ఇంగ్లీష్ అక్షరాలతో కొట్టే అలవాటున్నవాళ్లు ఐబస్‌తో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుని ఆర్‌టీఎస్ ఎంచుకోవాలి. వర్డ్‌లో గౌతమి ఫాంట్‌తో చేసిన పాత ఫైళ్లు తెరిచినప్పుడు మాత్రం ఫాంట్ మారి పేజీలు అటూ ఇటూ జరగొచ్చు.

ముందు పెన్‌డ్రైవ్‌లో ట్రయల్.. డిస్క్‌ను ముట్టుకోకుండానే

లైనక్స్‌లో మాకు బాగా నచ్చే విషయం ఇదే. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, కాబట్టి ముందే ఖాళీ చేసుకోండి. మింట్ అధికారిక వెబ్‌సైట్ నుంచి ఐఎస్‌ఓ ఫైల్ డౌన్‌లోడ్ చేయండి. దాదాపు 3 జీబీ ఉంటుంది, కాబట్టి మొబైల్ డేటా కంటే వైఫై మేలు. వెబ్‌సైట్‌లో ఇచ్చిన చెక్‌సమ్‌తో ఫైల్‌ను సరిచూసుకోమంటే చాలామంది వదిలేస్తారు. కానీ 2016 ఫిబ్రవరిలో మింట్ సొంత వెబ్‌సైట్‌నే హ్యాక్ చేసి, డౌన్‌లోడ్ లింక్‌లో దొంగ ఫైల్ పెట్టారు. అందుకే ఆ ఐదు నిమిషాలు ఖర్చు పెట్టండి.

రూఫస్ లేదా బలేనా ఎచర్‌తో ఆ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఉత్తినే కాపీ పేస్ట్ చేస్తే బూట్ కాదు. తర్వాత కంప్యూటర్ రీస్టార్ట్ చేసి బూట్ మెనూ తెరవాలి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే కాసేపట్లో మింట్ డెస్క్‌టాప్ వస్తుంది. ఇది పెన్‌డ్రైవ్ మీద నడుస్తోంది కాబట్టి కాస్త స్లోగా ఉంటుంది, దాన్ని చూసి పెదవి విరవకండి. వైఫై కనెక్ట్ అవుతోందా? సౌండ్ వస్తోందా? వెబ్‌క్యామ్, బ్లూటూత్, బ్రైట్‌నెస్ బటన్లు? మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తోందా? ప్రింటర్ పెట్టి ఒక కాగితం తీసి చూడండి. ముఖ్యంగా కొన్ని రియల్‌టెక్, బ్రాడ్‌కామ్ వైఫై కార్డులు మొరాయిస్తాయి. అన్నీ ఓకే అయితేనే ముందుకెళ్లాలి. లేదంటే పెన్‌డ్రైవ్ పీకేసి రీస్టార్ట్ చేస్తే మీ విండోస్ ఎలా ఉందో అలాగే ఉంటుంది.

'డీ డ్రైవ్‌లో ఉన్నాయిగా' అనుకుంటే అంతే సంగతులు

ఇక అసలు విషయానికొద్దాం. మన ఇళ్లలో ఓ నమ్మకం పాతుకుపోయింది. "ఫొటోలన్నీ డీ డ్రైవ్‌లో వేశా, ఫార్మాట్ కొట్టినా ఏం కాదు". సర్వీస్ షాపులో విండోస్ మళ్లీ వేసినప్పుడు సీ డ్రైవ్ మాత్రమే ఫార్మాట్ చేసేవాళ్లు కాబట్టి ఇన్నాళ్లూ అది నిజమే అయింది. లైనక్స్ ఇన్‌స్టాలర్‌కు మాత్రం సీ, డీ, ఈ అనే పేర్లే తెలియవు. చాలా ఇళ్లలో ఆ మూడూ ఒకే డిస్క్‌ను ముక్కలు చేసి పెట్టిన భాగాలు.

ఇన్‌స్టాల్ మధ్యలో 'ఇన్‌స్టలేషన్ టైప్' అనే స్క్రీన్ వస్తుంది. అందులో 'ఎరేజ్ డిస్క్ అండ్ ఇన్‌స్టాల్ లైనక్స్ మింట్' అని ఒక ఆప్షన్. అది నొక్కితే ఎరేజ్ అయ్యేది విండోస్ ఒక్కటే కాదు, డిస్క్ మొత్తం! సీతో పాటు డీ, ఈ కూడా. పాప మొదటి పుట్టినరోజు ఫొటోలు, అమ్మానాన్నల షష్టిపూర్తి వీడియో, ఇంటి కాగితాల స్కాన్ కాపీలు.. అన్నీ ఒకేసారి పోతాయి. రీసైకిల్ బిన్‌లో వెతికినా ఉండవు. రికవరీ షాపుల వాళ్లు వేలల్లో అడుగుతారు, అప్పుడు కూడా వస్తాయన్న గ్యారంటీ లేదు.

అందుకే ముందు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్ తీయండి. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో ఉన్నవీ మర్చిపోవద్దు. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు కూడా. తర్వాత ఆ హార్డ్ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు పెట్టి, నాలుగైదు ఫొటోలు, ఒక వీడియో నిజంగా తెరుచుకుంటున్నాయో చూడండి. కాపీ అయింది అనుకోవడం వేరు, తెరిచి చూడటం వేరు. అది అయ్యాక హార్డ్ డిస్క్ కేబుల్ పీకి బీరువాలో పెట్టండి, ఇన్‌స్టాల్ టైమ్‌లో పొరపాటున దాన్నే సెలెక్ట్ చేసిన వాళ్లున్నారు. విండోస్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ ముందే రాసి పెట్టుకోవాలి.

విండోస్ కూడా కావాలంటే అదే స్క్రీన్‌లో 'అలాంగ్‌సైడ్' ఆప్షన్ ఉంటుంది. రెండూ ఉంటాయి, ఆన్ చేసినప్పుడు ఏది కావాలో అడుగుతుంది. దీనికి ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి, లేకపోతే లైనక్స్‌లో ఆ డ్రైవ్‌లు చదవడానికే తప్ప రాయడానికి రావు. ఈ దారిలోనూ బ్యాకప్ తప్పనిసరే, ఎందుకంటే డిస్క్‌లోని భాగాలను కుదించేటప్పుడు కరెంట్ పోతే చెప్పలేం. ల్యాప్‌టాప్‌ను చార్జింగ్‌లో పెట్టే మొదలుపెట్టండి. ఇంకో తమాషా.. రెండూ ఉన్నప్పుడు కొన్నిసార్లు విండోస్‌లో గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తుంది. కంప్యూటర్ పాడవలేదు. మదర్‌బోర్డు గడియారాన్ని లైనక్స్ ప్రపంచ సమయంగా లెక్కేస్తుంది, విండోస్ మన సమయంగా లెక్కేస్తుంది. మనకూ ప్రపంచ సమయానికీ తేడా అంతే కదా.

వేసుకున్నాక మొదటి వారం

ఎక్కువమంది తడబడేది ఒక్కచోటే. విండోస్‌లో లాగా గూగుల్‌లో వెతికి ఈఎక్స్‌ఈ ఫైల్ డౌన్‌లోడ్ చేసి డబుల్ క్లిక్ చేస్తారు. అది పనిచేయదు. ఏం కావాలన్నా మెనూలో ఉన్న సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతకాలి, మన ఫోన్‌లో ప్లే స్టోర్ లాగే. వైన్ అనే ప్రోగ్రామ్‌తో కొన్ని విండోస్ సాఫ్ట్‌వేర్లు నడుస్తాయి, అన్నీ కావు.

వీడియోల్లో చూపించిన కమాండ్లను టెర్మినల్‌లో గుడ్డిగా కొట్టొద్దు. సుడో అని మొదలయ్యే కమాండ్‌కు మీరు పాస్‌వర్డ్ ఇచ్చారంటే ఇంటి తాళం చేతికిచ్చినట్టే. ఇక లైనక్స్‌కు వైరస్ రాదు అని గొప్పలు చెప్పేవాళ్లుంటారు. దానికి వైరస్‌ల బెడద తక్కువ, నిజమే. కానీ ఫేక్ లింక్ నొక్కి ఓటీపీ చెప్పేస్తే ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అయినా డబ్బు పోతుంది.

అన్నీ సెట్ అయిన రోజున టైమ్‌షిఫ్ట్ తెరిచి ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత ఏదైనా అప్‌డేట్ తేడా కొడితే సిస్టమ్‌ను ఆ రోజుకు వెనక్కి తీసుకెళ్లొచ్చు. అయితే ఇది సిస్టమ్ ఫైళ్ల కోసం, మీ ఫొటోల బ్యాకప్ కోసం కాదు.

ఒకవేళ నెల రోజులు వాడినా నచ్చకపోతే? ఒరిజినల్ విండోస్ 10 యాక్టివేట్ అయిన మెషీన్ అయితే దాని డిజిటల్ లైసెన్స్ ఆ హార్డ్‌వేర్‌తో ముడిపడి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి అదే ఎడిషన్ తెచ్చి మళ్లీ వేసి, నెట్‌కు కనెక్ట్ చేస్తే సాధారణంగా కీ అడగకుండానే యాక్టివేట్ అవుతుంది. కాబట్టి మారే ముందే విండోస్ సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిచి, మీది హోమా, ప్రోనా అని ఫోన్‌తో ఓ ఫొటో తీసి పెట్టుకోండి.