రెండో గొట్టం చేసే పని

తొమ్మిదో తరగతికి ద్రవపీడనం చెబుతున్నప్పుడు పిల్లలకి సముద్రాన్వేషకుడు జాక్ కూస్తో తీసిన 1956 నాటి ‘ద సైలెంట్ వరల్డ్’ చిత్రంలోంచి ఓ చిన్న ముక్క చూపిస్తుంటాను. అందులో ఈతగాళ్ళ వీపున సిలిండర్లు, సిలిండర్ మెడ దగ్గర గుండ్రటి లోహపు డబ్బా, ఆ డబ్బా రెండు పక్కల నుంచి బయల్దేరి భుజాల మీదుగా నోటి దగ్గర కలిసే ముడతల రబ్బరు గొట్టాలు. ఈసారి వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది: “సార్, ఒక గొట్టంలో గాలి వస్తుంది, సరే. రెండోది ఎందుకు? వదిలిన గాలి మళ్ళీ సిలిండర్‌లోకి పోతుందా?”

పోదు. వదిలిన గాలి నీళ్ళపాలే. అలాంటప్పుడు నోటి దగ్గరే ఓ చిల్లి పెట్టి వదిలేస్తే పోయేది కదా, తల వెనక దాకా మోసుకెళ్ళడం దేనికి? ఈ యంత్రం తెలివంతా అక్కడే ఉంది.

ముందు డబ్బా సంగతి చూద్దాం. లోపల అడ్డంగా ఒక పల్చటి రబ్బరు పొర ఉంటుంది. పొరకి ఒక పక్క గాలి, ఇంకో పక్క నీళ్ళు. నీటివైపు మూతకి చిల్లులుంటాయి కాబట్టి చుట్టూ ఉన్న నీటి పీడనం పొర మీద నేరుగా పడుతుంది. ఈతగాడు గాలి పీల్చగానే గాలివైపు పీడనం కాస్త తగ్గుతుంది, నీళ్ళు పొరని లోపలికి నొక్కుతాయి, పొర ఒక మీటని నొక్కుతుంది, మీట వాల్వుని తెరుస్తుంది. పీల్చడం ఆపగానే పొర వెనక్కి వస్తుంది, వాల్వు మూసుకుంటుంది. సిలిండర్‌లో 150, 200 వాతావరణాల పీడనంతో కుక్కిన గాలి, అడిగినప్పుడు మాత్రం, అడిగినంతే, అదీ ఆ లోతులోని నీటి పీడనానికి సరిపడా వస్తుంది. పది మీటర్లు దిగితే రెండు వాతావరణాలు, ఇరవై దిగితే మూడు. ఈతగాడు ఏ మరనీ తిప్పక్కర్లేదు.

పొర అంత వెడల్పుగా ఎందుకుందో కూడా లెక్క వేసుకోవచ్చు. అడ్డకొలత పది సెంటీమీటర్లు అనుకుంటే వైశాల్యం సుమారు 78 చదరపు సెంటీమీటర్లు. ఒక్క సెంటీమీటరు నీటిమట్టమంత పీల్చినా పొర మీద 78 గ్రాముల బలం పడుతుంది. దాన్ని మీటతో పెంచితే మొండి వాల్వు కూడా కదులుతుంది. పొర వ్యాసం సగానికి తగ్గిస్తే బలం నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే ఆ డబ్బా అంత లావు.

ఈ వాల్వుకి మూలం సముద్రం కాదు, రోడ్డు. జర్మనీ ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో పెట్రోలు దొరకనప్పుడు కార్లని గ్యాసుతో నడపడానికి ఎయిర్ లిక్విడ్ కంపెనీ ఇంజనీరు ఎమిల్ గన్యాన్ ఒక వాల్వు తయారుచేశాడు. 1942 చివర్లో నీళ్ళలో పీల్చినప్పుడు మాత్రమే గాలి ఇచ్చే వాల్వు కావాలని అప్పటి నౌకాదళ అధికారి కూస్తో అడిగినదానికి ఆయన ఇచ్చిన జవాబు అదే. 1943 మొదట్లో పారిస్ దగ్గర మార్న్ నదిలో దాన్ని పరీక్షించారు. కూస్తో అడ్డంగా ఈదినంతసేపూ బాగానే ఉంది. నిలువుగా నిలబడేసరికి వదిలే రంధ్రంలోంచి గాలి తెరిపి లేకుండా బుసబుసా కారిపోయింది. తలకిందులైతే ఊపిరి ఆడటమే కష్టమైంది. అప్పటికి వదిలే రంధ్రం నోటి దగ్గర, పొర వీపు మీద.

మేస్త్రీలు గోడల మట్టం చూడటానికి నీళ్ళు నింపిన పారదర్శకపు పైపు పట్టుకుంటారే, అక్కడ జరిగేదే ఇక్కడా జరిగింది: రెండు కొసలూ సమానంగా ఉన్నంతవరకూ ఏదీ కదలదు, ఒకటి ఎత్తారో కదలిక మొదలు. డబ్బాలోని గాలి ఎప్పుడూ పొర ఉన్న లోతులోని పీడనంతోనే ఉంటుంది. మనిషి నిలువుగా ఉంటే నోటి దగ్గరి రంధ్రం పొరకంటే జానెడు పైన ఉంటుంది. అక్కడ నీటి పీడనం తక్కువ, లోపలి గాలి దాన్ని నెట్టుకుని బయటపడుతుంది. బయటపడగానే లోపల పీడనం తగ్గి, పొర లోపలికి వంగి, ఇంకా గాలి పంపిస్తుంది. అదీ పోతుంది. సిలిండర్ ఖాళీ అయ్యేదాకా ఇదే వరస. తలకిందులైతే రంధ్రం కిందికి పోతుంది, అప్పుడు జానెడు నీళ్ళని నెట్టుకుంటూ గాలి వదలాలి.

జానెడు నీళ్ళు ఒక లెక్కా అనిపిస్తుంది. అక్వేరియం పైపు ఒకటి తెచ్చి బకెట్ నీళ్ళలో కొస ముంచి ఊదమన్నాను. అంగుళం లోతులో బుడగలు కబుర్లు చెప్పినంత తేలిగ్గా వచ్చాయి. జానెడు లోతుకి దించి, ఒక నిమిషం పాటు ప్రతి ఊపిరీ అలాగే వదలమంటే సగంలోనే బుగ్గలు ఎర్రబడ్డాయి. సముద్రం అడుగున గంటసేపు పనిచేసేవాడి గతి ఊహించుకోండి.

గన్యాన్, కూస్తో చేసిన విరుగుడు ఏమిటంటే, గాలి వదిలే రంధ్రాన్ని పొర పక్కకే తెచ్చేశారు. అందుకు వచ్చిందే రెండో గొట్టం. దాని కొసన మెత్తటి చప్పిడి రబ్బరు వాల్వు, బాతుముక్కులా ఉంటుంది. లోపలి నుంచి గాలి వస్తే తెరుచుకుంటుంది, బయటి నీళ్ళు నొక్కితే మూసుకుంటుంది. అది పొర పక్కనే నీటివైపున కూర్చుంటుంది కనుక, ఈతగాడు నిలబడినా, పడుకున్నా, పల్టీ కొట్టినా రెండిటి లోతూ ఇంచుమించు ఒక్కటే. రెండో గొట్టం గాలిని మోయడం నిజమే, కానీ దాని అసలు ఉద్యోగం మట్టం కాపలా. ఆ ఏడాది వేసవిలో బాందోల్ తీరాన అదే యంత్రంతో కూస్తో హాయిగా పల్టీలు కొట్టాడు.

తర్వాత దీనికి మరో చమక్కు తోడైంది. 1950ల మధ్యలో వచ్చిన మిస్ట్రల్ అనే జంట గొట్టాల మోడల్‌లో, వాల్వులోంచి దూసుకొచ్చే గాలిని సూటిగా గొట్టం నోట్లోకి గురిపెట్టారు. వేగంగా పోయే గాలి డబ్బాలోని గాలిని కూడా వెంట లాక్కుపోతుంది, పొర మరికాస్త వంగుతుంది. అంటే ఊపిరి మొదలుపెట్టడమే మన వంతు, మిగతా లాగుడు యంత్రమే చూసుకుంటుంది.

ఇదే చిక్కుని అవతలి కొస నుంచి విప్పినవాడు మెల్‌బోర్న్‌లో టెడ్ ఎల్డ్రెడ్. రంధ్రాన్ని పొర దగ్గరికి తేవడమెందుకు, పొరనే నోటి దగ్గరికి తెస్తే? 1950ల తొలినాళ్ళలో ఆయన అమ్మిన పోర్పస్ అనే యంత్రంలో వీపు మీద పీడనం తగ్గించే ఒక మెట్టు, నోటి ముందు పొర ఉన్న రెండో మెట్టు, మధ్య ఒకే ఒక్క సన్నటి గొట్టం. ఈ రోజు విశాఖలో స్కూబా దిగేవాళ్ళ నోట్లో ఉండేదీ ఆ పద్ధతిదే. చవక, సులువు, పాడైతే విప్పి బాగుచేసుకోవచ్చు. 1970లు గడిచేసరికి జంట గొట్టాలు అటకెక్కాయి. నా ఓటు అడిగితే మాత్రం అందం గన్యాన్‌దే, గెలుపు ఎల్డ్రెడ్‌ది.

అటకెక్కిన ఆ డబ్బాలు మళ్ళీ దిగుతున్నాయి. ఇత్తడి మీద క్రోమియం పూత వేసిన శరీరానికి అర్ధశతాబ్దం ఒక లెక్క కాదు. ఎండి చిట్లేది రబ్బరే. అమెరికాలో, ఐరోపాలో కొన్ని చిన్న వర్క్‌షాపులు పొరనీ బాతుముక్కునీ గొట్టాలనీ సిలికోన్‌తో కొత్తగా పోసి అమ్మడం మొదలుపెట్టాక రాయల్ ఆక్వా మాస్టర్ లాంటి పాత జంట గొట్టాల యంత్రాలు మళ్ళీ ఊపిరి పోసుకున్నాయి. పాత డబ్బాకి లేని తక్కువ పీడనపు దారులు కూడా కొత్త భాగాలతో వచ్చి చేరాయి, దాంతో తేలే జాకెట్‌నీ అత్యవసరానికి రెండో మౌత్‌పీస్‌నీ తగిలించుకునే వీలొచ్చింది. ఈ యంత్రాలు తయారుచేసే ఆక్వాలంగ్ కంపెనీ కూడా 2005లో మిస్ట్రల్‌ని కొత్త అవతారంలో తెచ్చి, ఎక్కువ కాలం నడపకుండానే ఆపేసింది. ఆ తర్వాత ఆర్గొనాట్ క్రాకెన్ పేరుతో మొదటి నుంచీ కొత్తగా కట్టిన జంట గొట్టాల యంత్రమే వచ్చింది. ఇష్టపడేవాళ్ళు చెప్పే కారణాల్లో ఫొటోగ్రాఫర్లది నాకు నచ్చింది. బుడగలు తల వెనక నుంచి పోతాయి కాబట్టి కెమెరా ముందు గోల ఉండదు, చేప బెదరదు.

లోపం లేకపోలేదు. పొర వీపు మీద, ఊపిరితిత్తులు దాని కింద. బోర్లా ఈదేటప్పుడు గాలి పొర లోతుకి తగ్గ పీడనంతోనే వస్తుంది, ఛాతీ మీద నీళ్ళు అంతకంటే ఎక్కువ నొక్కుతాయి. కాబట్టి ఆ తేడా మేరకు ప్రతి ఊపిరీ కొంచెం లాగి తీసుకోవాలి. వెల్లకిలా తిరిగితే లెక్క తిరగబడి గాలి నోట్లోకి తనంతట తనే తోసుకొస్తుంది. ఇది ఏ సిలికోనూ తీర్చలేని పేచీ. అందుకే పాత యంత్రాల అభిమానులు సిలిండర్‌ని కిందికి జార్చి, డబ్బా రెండు భుజపుటెముకల మధ్యకి వచ్చేలా, వీపుకి బిగించి కట్టుకుంటారు. వీపుకీ సిలిండర్‌కీ మధ్య మందపాటి జాకెట్ వేసుకున్నవాడికి పొర అంతమేరా పైకి లేస్తుంది, పీల్చే బరువు పెరుగుతుంది. కొందరు జాకెట్ మానేసి, మామూలు పట్టీలతో, నడుముకి సీసం బరువులతో సరిపెట్టుకుంటారు.