యువరాజు వీధి... రాత్రైతే వంటిల్లు!

బ్యాంకాక్ టూర్ ప్యాకేజీ ఏది చూసినా దాదాపు ఒకేలా ఉంటుంది. ఓ షాపింగ్ మాల్, ఓ గుడి, క్రూజ్ డిన్నర్, పట్టాయా బస్సు. భోజనం సంగతి ‘ఇండియన్ రెస్టారెంట్’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అంత దూరం వెళ్లి మళ్లీ పనీర్ బటర్ మసాలా తిని రావడం దేనికి? ఆ ఊరి అసలు రుచి తెలియాలంటే ఒక్క సాయంత్రం ఖాళీ చేసుకుని చైనాటౌన్‌లోని యావోవరాత్ రోడ్డుకి వెళ్లాలి. పొడవు కిలోమీటరున్నరే. కానీ అక్కడున్నవన్నీ ఒక్క రాత్రిలో తిని రావడం ఎవరి తరమూ కాదు.

పేరు మనకి తెలిసిందే

యావోవరాత్... పలకడానికి కష్టంగా ఉందా? విడదీసి చూడండి. ‘యావోవ’ అంటే యువ, ‘రాత్’ అంటే రాజు. అంటే మన ‘యువరాజు’ మాటే! థాయ్ భాషలో సంస్కృతం, పాళీ పదాలు బోలెడు. పలికే తీరు మారిపోవడంతో మనం గుర్తుపట్టలేం, అంతే.

ఇక్కడి చైనీయుల కథ ఈ రోడ్డు కంటే పాతది. 1782లో మొదటి రామ రాజు కొత్త రాజధాని కట్టాలనుకున్నప్పుడు, రాజప్రాసాదానికి ఎంచుకున్న చోట అప్పటికే చైనా వర్తకులు ఉండేవారు. వాళ్లని కోట బయట ఉన్న సాంపెంగ్ ప్రాంతానికి పంపించారు. తర్వాత దక్షిణ చైనా నుంచి ఓడల్లో వచ్చిన కూలీలు, చిన్న వ్యాపారులు కూడా అక్కడే చేరారు. వాళ్లలో ఎక్కువమంది తియోచూ భాష మాట్లాడేవాళ్లు. ఐదో రామ రాజు చులాలాంగ్‌కార్న్ కాలంలో, 1890లలో, ఆ ఇరుకు సందుల పక్కన యావోవరాత్ రోడ్డు వేశారు. రోడ్డు వంపులు తిరిగి ఉంటుంది. డ్రాగన్ ఒళ్లు కూడా అలాగే ఉంటుంది కాబట్టి ఇక్కడ వ్యాపారానికి తిరుగుండదని స్థానికుల నమ్మకం.

షట్టర్లు దిగాక పొయ్యిలు వెలుగుతాయి

పగలు వెళ్తే యావోవరాత్ ఒక బంగారం బజారు. ఎర్ర బోర్డుల మీద పసుపు అక్షరాలతో వరసగా నగల దుకాణాలు. థాయ్ బంగారం స్వచ్ఛత 96.5 శాతం. మనం తులాల్లో లెక్క చెప్పినట్టు వాళ్లు ‘బాత్’లలో చెప్తారు. బాత్ అంటే డబ్బు ఒక్కటే కాదు, బంగారం తూకం కూడా. ఒక బాత్ సుమారు 15.2 గ్రాములు.

సాయంత్రం షట్టర్లు దిగడం మొదలైతే వీధి అవతారం మారిపోతుంది. దుకాణాల ముందుకి బండ్లు వస్తాయి. గ్యాస్ పొయ్యిలు, మడత బల్లలు, ప్లాస్టిక్ స్టూళ్లు క్షణాల్లో పరుచుకుంటాయి. రంజాన్ రాత్రుల్లో చార్మినార్ చుట్టుపక్కల తిరిగినవాళ్లకి ఈ హడావుడి కొత్తగా అనిపించదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. చాలా బండ్లది ఒకే వంటకం. పాతిక ఐటమ్స్ మెనూ ఉండదు. బండి చిన్నది, పొయ్యి ఒకటి, చేతులు రెండు. అందుకే ఒక్కటే పట్టుకుని ఏళ్ల తరబడి అదే వండుతారు. కొన్నిచోట్ల తాత మొదలుపెట్టిన పులుసు కుండ దగ్గర ఇప్పుడు మనవరాలు నిలబడి ఉంటుంది. కాబట్టి ఒకేచోట కూర్చుని కడుపు నింపుకోవద్దు. ఒక్కో బండి దగ్గర కొంచెం కొంచెం తింటూ నడవడమే పద్ధతి.

ఏమేం రుచి చూడాలి?

కువాయ్ జాప్: బియ్యప్పిండి రేకుల్ని గొట్టాల్లా చుట్టుకుపోయేలా ఉడికించి, ఘాటైన మిరియాల పులుసులో వేసి ఇస్తారు. పైన కరకరలాడే పంది మాంసం ముక్కలు, లివర్ లాంటివి ఉంటాయి. మొదటి చెంచాకే ముక్కు కారుతుంది. మనకి మిరియాల చారు గుర్తొస్తుంది. అందులో ఆశ్చర్యం లేదు. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల వల్ల ఆసియాకి వచ్చింది. అంతకుముందు మనకైనా, వాళ్లకైనా ఘాటంటే మిరియమే!

హోయ్ తోత్: పెద్ద ఇనప పెనం మీద పిండి జారుగా పోసి, ఆల్చిప్పల మాంసం, గుడ్డు, మొలకలు వేసి కాల్చే అట్టు. అంచులు కరకరలాడుతుంటే మధ్యలో మెత్తగా ఉంటుంది. పక్కన పుల్లటి, తియ్యటి చిల్లీ సాస్. పెనం దగ్గరే నిలబడి చూస్తే సగం ఆకలి అక్కడే పెరుగుతుంది.

కాల్చిన బన్ను: బొగ్గుల మీద కాల్చిన బన్నులో వెన్న, కండెన్స్‌డ్ మిల్క్, లేదా పాండన్ ఆకు వేసి చేసిన పచ్చటి కస్టర్డ్ పెడతారు. బన్ మస్కా అభిమానులు ఇక్కడి నుంచి అంత తేలిగ్గా కదలరు. కస్టర్డ్‌లో గుడ్డు ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి.

బువా లోయ్ నామ్ ఖింగ్: నల్ల నువ్వుల ముద్దని బియ్యప్పిండిలో చుట్టి, ఉండలుగా ఉడికించి, వేడి వేడి అల్లం పాకంలో వేసిస్తారు. కొరికితే లోపలి నువ్వులు కరిగి నోట్లోకి జారతాయి. మన నువ్వుల ఉండ, పూర్ణం కుడుము, అల్లం టీ కలిసి ఒకే గిన్నెలోకి వచ్చినట్టు ఉంటుంది.

మామిడిపండు, జిగురన్నం: కొబ్బరిపాలు పట్టించిన జిగురు బియ్యం అన్నం పక్కన మామిడిపండు ముక్కలు. వాళ్ల మామిడి సీజన్ కూడా మనలాగే వేసవిలోనే. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే పండు రుచే వేరు.

ఇవి కాక నల్లటి ఇసుకలో వేయించే చెస్ట్‌నట్లు, దానిమ్మ రసం, ముక్కు మూసుకోవాలా వద్దా తేలని డురియన్ పండు... చేతిలో పొట్లం లేకుండా ఎవరూ కనిపించరు.

శాకాహారులా? రెండు మాటలు చాలు

‘మేం నాన్‌వెజ్ తినం, అక్కడేం దొరుకుతుంది?’ అని భయపడేవాళ్లు రెండు మాటలు గుర్తుంచుకుంటే చాలు. మొదటిది ‘మాంగ్‌సావిరాత్’. జాగ్రత్తగా వింటే ‘మాంస విరతి’ వినిపిస్తుంది. శాకాహారం అని అర్థం. అయితే ఇందులో గుడ్డు ఉండొచ్చు.

రెండోది ‘జే’. ఇది ఇంకా కఠినం. మాంసం, చేప, గుడ్డు, పాలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. జే వంటకాలు అమ్మేచోట పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలుంటాయి. థాయ్ రాకపోయినా ఫర్వాలేదు, ఆ అక్షరాలు చూడ్డానికి అచ్చం 17 అంకెలా ఉంటాయి. ‘17’ కనిపిస్తే ధైర్యంగా వెళ్లొచ్చు.

చైనా పంచాంగంలో తొమ్మిదో నెలలో తొమ్మిది రోజులు ‘కిన్ జే’ పండుగ చేస్తారు. అప్పుడు యావోవరాత్ అంతా పసుపు జెండాలే. మాంసం బండ్లు కూడా చాలావరకు జే వంటల్లోకి మారతాయి. సాధారణంగా ఇది మన దసరా నవరాత్రుల రోజుల్లోనే వస్తుంది. 2023లో రెండూ అక్టోబరు 15నే మొదలయ్యాయి. అధిక మాసం వచ్చినప్పుడు మాత్రం తేదీలు దూరం జరుగుతాయి.

మామూలు రోజుల్లో అసలు చిక్కు మాంసంతో కాదు, ‘నామ్ ప్లా’తో. అంటే చేపల సాస్. మనం ఉప్పు వేసినట్టు వాళ్లు దాన్ని వేస్తారు. కూరగాయల వేపుడు అడిగినా అందులో ఉండొచ్చు. అందుకే ‘వెజిటబుల్’ అని కాకుండా ‘జే’ అని అడగాలి. మాంసం తినేవాళ్లు కూడా కొన్ని మాటలు నేర్చుకోవాలి. ‘మూ’ అంటే పంది, ‘కాయ్’ అంటే కోడి, ‘కుంగ్’ అంటే రొయ్య, ‘నువా’ అంటే ఎక్కువగా బీఫ్. అన్నట్టు, కువాన్ ఇమ్ దేవతని కొలిచే చైనీస్ థాయ్‌లలో చాలామంది బీఫ్ ముట్టరు.

ఫుట్‌పాత్ ఎవరిది?

ఇంత సందడి చూశాక ఈ వీధికి ఢోకా లేదనిపిస్తుంది. కానీ 2017 ఏప్రిల్‌లో బ్యాంకాక్ నగరపాలక సంస్థ ఫుట్‌పాత్‌ల మీద బండ్లు తీసేయిస్తామని ప్రకటించింది. నడిచేవాళ్లకి దారి, పరిశుభ్రత కావాలన్నది కారణం. అదే ఏడాది సీఎన్‌ఎన్ ప్రపంచంలో స్ట్రీట్ ఫుడ్‌కి ఉత్తమ నగరంగా బ్యాంకాక్‌ని ఎంచింది! ప్రపంచమంతా గోల మొదలయ్యేసరికి యావోవరాత్, ఖావోసాన్ రోడ్లలో బండ్లు ఉంటాయని, వాటికి నిబంధనలు పెడతామని అధికారులు చెప్పారు. అదే డిసెంబరులో మిషెలిన్ గైడ్ మొదటిసారి బ్యాంకాక్ మీద పుస్తకం తెచ్చి, పాత ఊళ్లో కళ్లద్దాల లాంటి గాగుల్స్ పెట్టుకుని బొగ్గుల మీద పీతల ఆమ్లెట్ వేసే జే ఫాయ్ హోటల్‌కి ఒక స్టార్ ఇచ్చింది. (ఈ ‘జే’ అంటే శాకాహారం కాదు, అక్క అని!)

టూరిస్టులు ఫొటోలు తీసే వీధులు నిలబడ్డాయి. మరి ఆఫీసు ఉద్యోగులకి, కూలీలకి చవగ్గా అన్నం పెట్టే మామూలు వీధుల సంగతి? నగరంలో ఎన్నోచోట్ల బండ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. కొత్త చోటు చూపించినా పాత గిరాకీ వెంట రాదు. నడిచేవాళ్లకి దారి ఉండాలన్నదీ నిజమే, బండి వాళ్లకి బతుకు ఉండాలన్నదీ నిజమే.

హైదరాబాద్‌లో ఏదైనా టిఫిన్ బండి తీసేయమన్నప్పుడు మన ఫోన్లలో నడిచే గొడవా ఇదే. సర్వే పూర్తిచేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా వీధి వ్యాపారుల్ని తొలగించకూడదని మన దేశంలో 2014 చట్టం చెప్తోంది. యావోవరాత్ చూసొచ్చి ‘అబ్బ, ఎంత బాగుందో’ అని రీల్ పెట్టేవాళ్లం, మన వీధి చివర బండి గురించి కూడా ఆ మాట అనాలి కదా!

వెళ్లే ముందు

- మెట్రో బ్లూ లైన్‌లో వాట్ మాంగ్‌కాన్ స్టేషన్‌లో దిగండి. 2019లో తెరిచారు. అక్కడి నుంచి ఐదు నిమిషాల నడక.
- సాయంత్రం నాలుగింటికే చేరుకుంటే ముందు వాట్ త్రైమిత్ గుడి చూడొచ్చు. ఐదున్నర టన్నుల బంగారు బుద్ధుడు అక్కడున్నాడు. పైనున్న గచ్చు పూత పగిలి లోపల బంగారం ఉందని 1955లో బయటపడింది.
- నగదు దగ్గర పెట్టుకోండి. క్యూఆర్ బోర్డులున్నా అవి ఎక్కువగా థాయ్ బ్యాంకు ఖాతాల కోసమే. ఒక బాత్ అంటే మనకి రెండున్నర, మూడు రూపాయలు.
- కారం వద్దనుకుంటే ‘మాయ్ పెత్’ అనండి. బల్ల మీద కారం, చక్కెర, మిరపకాయల వెనిగర్, చేపల సాస్ ఉంటాయి. ఎవరికి కావాల్సినంత వాళ్లు కలుపుకోవచ్చు.
- మన భోజనమే కావాలంటే పక్కనే పహురాత్. బ్యాంకాక్ లిటిల్ ఇండియా అదే. గురుద్వారా కూడా అక్కడే.
- సోమవారం మాత్రం వద్దు. చాలా బండ్లకి ఆరోజు సెలవు. మంగళవారం వెళ్లండి, ఖాళీ కడుపుతో!