కళాశాలను చూచిన పిమ్మటనే చేర్పింపుడు

బిడ్డను సమీప పట్టణపు చిన్న కళాశాలలో చేర్పింపదలచిన గ్రామస్థులకు మేము చెప్పు మాట యొక్కటే: రుసుము చెల్లించుటకు ముందు, పాఠములు జరుగు దినమున, బిడ్డను వెంటబెట్టుకొని పోయి చూచి రావలెను.

1956 నాటి యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ చట్టము ననుసరించి అనుబంధ కళాశాల తన పేరిట పట్టమీయజాలదు, విశ్వవిద్యాలయమే ఈయవలెను. కావున బిడ్డ కోరిన చదువునకు ఏ విశ్వవిద్యాలయపు అనుబంధము కలదో పత్రము చూపుమని అడుగవలెను.

ప్రయోగశాల పరికరములపై దుమ్ము పేరుకొన్నదా? గ్రంథాలయము తెరచియున్నదా? ఏ పాఠమునకు అధ్యాపకుడు లేడు? ఈ సంగతులు విద్యార్థులే చెప్పగలరు. వసతిగృహమును, సాయంకాలపు బస్సును కూడ విచారింపవలెను.

భవనము చిన్నదగుట లోపము కాదు. అధ్యాపకుడు ప్రతి విద్యార్థిని పేరుతో నెరిగియుండుట చిన్న కళాశాలలోని మేలు.

చూచి వచ్చుటకు ఒకనాటి కూలి పోవును. చూడక చేర్పించినచో బిడ్డకు ఏండ్లే పోవచ్చును.