వెనక్కు మళ్లడమూ పైలట్ నేర్పే
చిన్న విమానాలకు మంచు, నిద్రలేమి పెద్ద గండాలు

ద్రాక్షారామం: ఇక్కడి నుంచి యానాం వెళ్లి గౌతమిపై వంతెన దాటితే ఎదుర్లంక వస్తుంది. ఆ వంతెనకు బాలయోగి వారధి అని పేరు. 1951లో ఎదుర్లంకలో పుట్టిన గంటి మోహనచంద్ర బాలయోగి తూర్పు గోదావరి జిల్లా పరిషత్ ఛైర్మన్‌గా పనిచేసి, 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ పదవిని అధిష్ఠించిన తొలి దళితుడు ఆయనే. 2002 మార్చి 3 ఉదయం హెలికాప్టర్ కూలిపోయి ఆయన దుర్మరణం పాలయ్యారు. ఆ దుర్ఘటనకు దారితీసిన పరిస్థితులు చిన్న విమానాలు, హెలికాప్టర్లు ఎగిరే ప్రతిచోటా నేటికీ పొంచి ఉన్నాయి.

చెరువా, నేలా?

ఆనాడు బాలయోగి భీమవరం నుంచి హైదరాబాదుకు బెల్ 206 రకం చిన్న హెలికాప్టర్‌లో బయలుదేరారు. కొద్దిసేపటికే అది కైకలూరు దగ్గర కొవ్వాడలంక వద్ద చేపల చెరువులో కూలిపోయింది. ఆ ప్రాంతం అప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది, 2022లో ఏలూరు జిల్లాలో చేరింది. బాలయోగితో పాటు పైలట్, అంగరక్షకుడు కూడా మరణించారు.

చూపు ఆనని వాతావరణంలో పైలట్ కిందికి దిగడానికి ప్రయత్నించారనీ, నేల అనుకున్నది చేపల చెరువని దగ్గరకు వచ్చాక గ్రహించారనీ, పక్కకు తప్పించబోగా రెక్క కొబ్బరిచెట్టుకు తగిలిందనీ అప్పట్లో వెల్లడైంది. మంచు కమ్మిన వేళ కాలువ గట్టున నడిచేవారికి కూడా కదలని నీరు ఏదో, చదును నేల ఏదో చప్పున తెలియదు. పై నుంచి చూసేవారికి అది మరింత కష్టం.

ఇటువంటి ప్రమాదాలను ఒక్క మాటలో 'పైలట్ పొరపాటు' అనడం పరిపాటి. కాని ఆ పొరపాటు చాలా సందర్భాల్లో చేతకానితనం వల్ల జరిగేది కాదు. కన్ను, చెవి, మెదడు మోసం చేసే పరిస్థితిలోకి ప్రవేశించడమే అసలు పొరపాటు. అందులోకి వెళ్లాక ఎంతటి నేర్పరికైనా బయటపడటం కష్టమే.

మూడు నిమిషాలైనా పట్టదు

తిరునాళ్లలో రంగులరాట్నం దిగిన పిల్లవాడికి తాను నిలబడి ఉన్నా లోకమంతా తిరుగుతున్నట్టు ఉంటుంది. చెవి లోపల ఉన్న మూడు సన్నని అర్ధవృత్తాకార గొట్టాల్లోని ద్రవం కదిలి మనకు తూకం తెలియజేస్తుంది. తిరగడం ఆగినా ఆ ద్రవం వెంటనే ఆగదు. అలాగే విమానం నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగితే ఆ సంగతి చెవికి తెలియదు. మామూలుగా కన్ను ఈ తప్పును సరిదిద్దుతుంది. మబ్బులోనో, మంచులోనో చూపు పోయినప్పుడు ఇక చెవి చెప్పిందే నిజమనిపిస్తుంది.

1954లో అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయం దీనిని పరీక్షించింది. కేవలం పరికరాలను చూసి నడపడంలో శిక్షణ లేని 20 మందిని చిన్న విమానంలో ఎక్కించి, మబ్బులో చిక్కుకుంటే ఎలా ఉంటుందో అలాంటి పరిస్థితి కల్పించారు. 20 మందీ అదుపు తప్పారు. అందుకు పట్టిన సగటు కాలం 178 సెకన్లు, అంటే మూడు నిమిషాల లోపే. అందుకే వాతావరణం బాగాలేనప్పుడు వెనక్కు తిరిగి రావడాన్ని పైలట్లకు ప్రత్యేకంగా నేర్పుతారు.

నిద్ర చాలకపోతే...

ఇక రెండవ గండం అలసట. పెద్ద విమానంలో ఇద్దరు పైలట్లుంటారు, ఒకరి తప్పు మరొకరు చూస్తారు. చిన్న విమానంలో తరచూ ఒక్కడే అన్నీ చూసుకోవాలి. దారి చూడటం, రేడియోలో మాట్లాడటం, చమురు లెక్క, వాతావరణం అన్నీ అతనివే. పైగా ఎండ, హోరు, కుదుపు. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం నడిపేవానికి అయిదు సెకన్లపాటు రెప్ప వాలితే చాలు, విమానం 250 మీటర్లు వెళ్లిపోతుంది.

వరుసగా 17 గంటలు మేల్కొని ఉన్న మనిషి పనితీరు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాని పనితీరుతో సమానమని 1997లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు తేల్చారు. మన దేశంలో వాహనం నడిపేవారి రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు దాటితేనే నేరం. చుక్క ముట్టనివాడు కూడా నిద్రలేమితో అంతకంటె ఎక్కువ మత్తులో ఉండగలడన్నమాట. తాగినవాడి సంగతి పక్కవారికి తెలుస్తుంది. అలసినవాని సంగతి అతనికే తెలియకపోవడం ఇందులోని చిక్కు.

పెద్ద విమానాలూ దీనికి అతీతం కాదు. 2010 మే 22న దుబాయి నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటిపోయి లోయలో పడింది. 166 మందిలో 158 మంది మరణించారు. రెండు గంటల పైచిలుకు రికార్డింగులో గంటా 40 నిమిషాలు ప్రధాన పైలట్ నిద్రలో ఉన్నట్టు విచారణలో తేలింది. గాఢనిద్ర నుంచి లేచిన కొంతసేపటి వరకు బుద్ధి మొద్దుబారి ఉంటుంది. దిగవద్దు, మళ్లీ పైకి లేపండని సహ పైలట్ మూడుసార్లు చెప్పినా ఆయన వినలేదు.

మనసు ఒకేచోట చిక్కుకోవడమూ ప్రమాదమే. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమల అడవిలో కూలి అయిదుగురు మరణించారు. చమురు పీడనంలో కనిపించిన లోపానికి ఏమి చేయాలో పుస్తకంలో వెతుకుతూ పైలట్లు ఆరు నిమిషాలకు పైగా గడిపారనీ, అదే సమయంలో హెలికాప్టర్ దట్టమైన మబ్బుల వైపు సాగిందనీ విచారణ సంఘం పేర్కొంది.

ఆరు ప్రశ్నలు

విమానం ఎక్కేముందు పైలట్ తనను తాను ఆరు ప్రశ్నలు వేసుకోవాలని శిక్షణలో చెబుతారు. ఒంట్లో నలతగా ఉందా? మత్తు కలిగించే మందు వేసుకున్నానా? మనసుపై ఒత్తిడి ఉందా? మద్యం తీసుకున్నానా? నిద్ర చాలిందా? కోపతాపాలతో ఉన్నానా? వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఆ రోజు ఎగరకూడదు. విమాన సంస్థల పైలట్లకు వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచే నిబంధన కూడా 2025 జూలైలో అమలులోకి వచ్చింది.

ఈ ప్రశ్నలు నేలమీద ప్రయాణించేవారికీ వర్తిస్తాయి. సంక్రాంతికి హైదరాబాదులో సాయంత్రం దాకా ఉద్యోగం చేసి, రాత్రంతా కారు నడుపుకుంటూ తెల్లవారేసరికి ఊరు చేరాలనుకునేవారున్నారు. కోతల రోజుల్లో రాత్రింబవళ్లు మిషను దిగని డ్రైవర్లున్నారు. రాత్రి 2 గంటల నుంచి తెల్లవారుజాము 6 గంటల వరకు శరీరం నిద్రనే కోరుతుంది. టీ తాగినా, పాటలు పెట్టుకున్నా ఆ బాకీ తీరదు. అరగంట బండి పక్కన ఆపి కునుకు తీయడం, ఆ తర్వాత ముఖం కడుక్కుని కాసేపు ఆగి బయలుదేరడం మేలు.

ఎదురు చూసేవారూ గ్రహించాలి

ఎన్నికల వేళ పల్లెల్లోకి కూడా హెలికాప్టర్లు వస్తాయి. బడి ఆవరణలో ముగ్గుతో గుర్తు వేసి, దండలతో జనం గంటల తరబడి వేచి ఉంటారు. ఆ రోజు మబ్బు పట్టి హెలికాప్టర్ రాకపోతే నిరుత్సాహం సహజమే. కాని ఎగరాలా వద్దా అన్నదానిలో తుది నిర్ణయం పైలట్‌దేనని నిబంధనలు చెబుతున్నాయి. ప్రయాణించే పెద్దలు గాని, ఏర్పాట్లు చేసేవారు గాని తొందరపెట్టడం తగదు.

గోదావరి వరద మీద ఉన్నప్పుడు కోటిపల్లి రేవులో పడవ విప్పనన్న సరంగును ఎవరూ పిరికివాడనరు. అతని మాట విని రేవులోనే ఉండిపోతారు. మంచు విడేదాకా ఎగరనన్న పైలట్‌కూ, నిద్ర వస్తోంది బండి ఆపుతానన్న డ్రైవరుకూ అదే మర్యాద దక్కాలి. ఆలస్యమైన ప్రయాణం ఆ పూట కాకుంటే మరునాడైనా పూర్తవుతుంది.