మేకుల మధ్య ఉక్కు బంతి: పిన్‌బాల్‌కు ఈ తరంలో చోటుందా?

విశాఖపట్నం వైపు నుంచి హౌరా వెళ్లే రైలు ప్రయాణికులకు, గమ్యం వచ్చేసిందని చెప్పే చివరి స్టేషన్ పేరు టికియాపారా. కోల్‌కతాకు హుగ్లీ నది అవతలి ఒడ్డున, హౌరా నగరంలో ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి పట్టాలు పాయలు పాయలుగా చీలిపోతాయి. కొన్ని కార్ షెడ్డులోకి, కొన్ని యార్డులోకి, మిగిలినవి హౌరా ప్లాట్‌ఫారాల వైపు. ప్రతి చీలిక దగ్గరా రైలు ఎడమకు వెళ్లాలా, కుడికి వెళ్లాలా అన్నది ముందే నిర్ణయమైపోతుంది. అందులో అదృష్టానికి చోటు లేదు.

ఇదే చీలికల దారిలో రైలుకు బదులు ఓ చిన్న ఉక్కు బంతిని వదిలి, పాయింట్ల స్థానంలో మేకులు కొట్టామనుకోండి. బంతి ఎటు వెళ్తుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. పిన్‌బాల్ ఆకర్షణ అంతా ఈ తేడాలోనే ఉంది. చేతిలో ఫోను, ఫోనులో వందల ఆటలు ఉన్న ఈ తరానికి, సరదాగా ఎప్పుడో ఒకసారి ఆడేవారికి ఆ ఆకర్షణ ఇంకా పనిచేస్తుందా? సమాధానంలో సగం భౌతిక శాస్త్రం, సగం మనస్తత్వ శాస్త్రం.

మేకుల బల్ల నుంచి మీటల యంత్రం దాకా

పిన్‌బాల్‌కు తాత బాగటెల్. ఏటవాలు బల్ల మీద మేకులు, గుంటలు. బంతి ఏ గుంటలో పడితే ఆ అంకె మనది. 18వ శతాబ్దపు ఫ్రాన్సులో మొదలైన ఈ ఆట మన ఇళ్లలోకి చెక్క బల్లగా, ఆ తర్వాత ప్లాస్టిక్ బొమ్మగా వచ్చింది. 1871లో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అమెరికాలో బాగటెల్‌కు మెరుగులు దిద్ది పేటెంటు పొందాడు. బంతిని కర్రతో పొడవడానికి బదులు స్ప్రింగుతో తన్నించే ఏర్పాటు అందులో ఉంది. 1931లో డేవిడ్ గాట్లీబ్ తెచ్చిన ‘బాఫుల్ బాల్’ యంత్రంతో ఇది నాణెం వేసి ఆడే వ్యాపారంగా మారింది.

అప్పటికి ఆటగాడి పని స్ప్రింగు లాగి వదలడం వరకే. తర్వాతి కథంతా మేకులదే. అందుకే న్యూయార్క్ నగరం దాన్ని జూదమని భావించి 1942లో నిషేధించింది. యంత్రాలను పోలీసులు సమ్మెటలతో పగలగొట్టారు. 1947లో ‘హంప్టీ డంప్టీ’ అనే యంత్రంలో విద్యుత్తుతో కదిలే చిన్న మీటలు, అంటే ఫ్లిప్పర్లు వచ్చాయి. జారిపోతున్న బంతిని తిరిగి పైకి కొట్టే అవకాశం ఆటగాడి వేళ్లకు చిక్కింది. అయినా న్యూయార్క్ నిషేధం ఎత్తివేయడానికి 1976 దాకా పట్టింది. ఆ ఏడాది రోజర్ షార్ప్ నగర మండలి సభ్యుల ముందు ఆడి, బంతి ఏ దారిలో దిగుతుందో ముందే చెప్పి మరీ చూపించాడు. ఇది నైపుణ్యమేనని వారు ఒప్పుకున్నారు.

నైపుణ్యమా, అదృష్టమా అన్న ఈ తగాదా మనకూ కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన రమ్మీ కేసులో సుప్రీంకోర్టు 1968లో సరిగ్గా ఇదే ప్రశ్నను తూచింది. రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యమేనని తేల్చింది.

ఆరున్నర డిగ్రీల కిటుకు

పిన్‌బాల్ యంత్రంలో వాడే ఉక్కు బంతి వ్యాసం సుమారు 27 మిల్లీమీటర్లు, బరువు 80 గ్రాములు. అది దొర్లే పలక పొడవు మీటరుకు కాస్త ఎక్కువ. పలక వాలు సుమారు ఆరున్నర డిగ్రీలు. ఈ వాలులోనే అసలు కిటుకు ఉంది.

మీటరు ఎత్తు నుంచి వదిలేసిన బంతి అర సెకను లోపే నేలను తాకుతుంది. కంటితో చూసి వేలు కదపడానికి మనిషికి సుమారు పావు సెకను కావాలి. అంటే ఆలోచించే వ్యవధే మిగలదు. అదే ఆరున్నర డిగ్రీల వాలు మీద గురుత్వాకర్షణలో తొమ్మిదో వంతు మాత్రమే బంతిని కిందికి లాగుతుంది. అందులోనూ కొంత శక్తి బంతిని దొర్లించడానికి ఖర్చవుతుంది. లెక్క వేస్తే, అడ్డేమీ లేకపోతే పై నుంచి కింది దాకా దొర్లడానికి దాదాపు 1.6 సెకన్లు పడుతుంది. చూడటానికి, బెదరడానికి, తేరుకుని మీట నొక్కడానికి సరిపోయే సమయం ఇది. వాలు పెరిగితే కొత్తవారికి బంతి దక్కదు, తగ్గితే అలవాటైనవారికి విసుగు. ఆటను ఎవరికి తగ్గట్టు మలచాలో నిర్ణయించే మొదటి మర యంత్రం కాళ్ల కిందే ఉంటుంది.

మరి బంతి దారిని ముందే ఎందుకు చెప్పలేం? న్యూటన్ సూత్రాలు ఇక్కడా తు.చ. తప్పకుండా పనిచేస్తాయి. చిక్కంతా గుండ్రని అడ్డంకులతో వస్తుంది. చదునైన గోడకు తగిలిన రెండు బంతుల మధ్య తేడా నెమ్మదిగా పెరుగుతుంది. గుండ్రని స్తంభానికి తగిలితే ఆ తేడా ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఒక్కో దెబ్బకు తేడా ఎనిమిది రెట్లు అవుతుందనుకుందాం. మొదట మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉన్న తేడా ఐదు దెబ్బలు తిరిగేసరికి 32 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే బంతి వ్యాసం కన్నా ఎక్కువ. ఆరో స్తంభానికి ఒక బంతి తగిలితే, రెండోది దాని పక్క నుంచి పోతుంది.

గణితవేత్తలు దీన్ని కేయాస్ అంటారు. గుండ్రని అడ్డంకుల మధ్య తిరిగే బంతుల గణితాన్ని లోతుగా చదివిన రష్యన్ గణితవేత్త యాకోవ్ సినాయ్‌కి 2014లో ఏబెల్ బహుమతి వచ్చింది. వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ కూడా కేయాస్‌ను సామాన్యులకు వివరించడానికి పిన్‌బాల్ యంత్రాన్నే ఉదాహరణగా ఎంచుకున్నాడు.

ఒక బంతి వేరు, వెయ్యి బంతులు వేరు

ఒక్క బంతి గురించి ఏమీ చెప్పలేకపోయినా, వెయ్యి బంతుల గురించి చాలా చెప్పవచ్చు. మేకులను పది వరుసల్లో క్రమంగా కొట్టి, పై నుంచి బంతులు వదిలితే మొత్తం 1,024 దారులు ఏర్పడతాయి. వాటిలో నట్టనడిమి గడికి చేర్చేవి 252. చిట్టచివరి గడికి చేర్చేది ఒకే ఒక్కటి. అందుకే బంతులు మధ్యలో గుట్టగా, అంచుల్లో పలచగా పేరుకుని గంట ఆకారం తీసుకుంటాయి. బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 19వ శతాబ్దంలో రూపొందించిన ఈ బల్లను ఇప్పటికీ విజ్ఞాన కేంద్రాల్లో ప్రదర్శిస్తుంటారు. పెద్ద బహుమతి అంచు గడిలో పెట్టిన ఆట ఎక్కడ కనిపించినా, ఈ లెక్క తెలిసినవారు జేబు తడుముకోరు.

ఈ గంట ఆకారపు వక్రానికి కోల్‌కతాతో గట్టి బంధమే ఉంది. ‘బాఫుల్ బాల్’ వచ్చిన 1931లోనే ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఇక్కడ భారత గణాంక సంస్థను స్థాపించారు. పదేళ్ల తర్వాత, 1941లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన ఓ తెలుగు యువకుడు ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వచ్చి ఆ సంస్థలో చేరాడు. ఆయనే సి.ఆర్. రావు. చెల్లాచెదురుగా కనిపించే కొలతల నుంచి ఎంత కచ్చితమైన అంచనా రాబట్టగలమో, ఆ కచ్చితత్వానికి హద్దు ఎక్కడో 1945లో ఆయన రాసిన పత్రం చెప్పింది.

కొత్తవారు ఎక్కడ ఆగిపోతున్నారు?

1990లలో మన దేశంలో పెరిగిన చాలామందికి పిన్‌బాల్ అంటే ఇనుప యంత్రం గుర్తుకు రాదు. విండోస్ కంప్యూటర్లో ఉచితంగా వచ్చిన ‘స్పేస్ కేడెట్’ గుర్తుకొస్తుంది. విండోస్ ఎక్స్‌పీ తర్వాత అది కనిపించకుండా పోయింది. దానిని 64 బిట్ల కంప్యూటర్లకు మార్చబోతే బంతి అడ్డంకులకు తగలకుండా వాటిలోంచి దూరిపోయిందని, కారణం దొరకక ఆటనే వదిలేశారని మైక్రోసాఫ్ట్ ఇంజనీరు ఒకరు తర్వాత రాశారు. ఇనుప మేకు ఎవరూ చెప్పకుండానే బంతిని ఆపుతుంది. తెర మీది మేకుకు ఆపడం ఎలాగో ప్రతిసారీ లెక్కగట్టి చెప్పాలి.

అసలు యంత్రాల దారి కూడా ఎగుడుదిగుడులదే. 1978లో ‘స్పేస్ ఇన్వేడర్స్’ వచ్చి వీడియో గేముల అల మొదలయ్యాక వాటికి గిరాకీ పడిపోయింది. 1992 నాటి ‘ఆడమ్స్ ఫ్యామిలీ’ యంత్రాలు 20 వేలకు పైగా అమ్ముడై కాస్త ఊపిరి పోశాయి. 1999లో విలియమ్స్ సంస్థ ఈ వ్యాపారం మానుకున్నాక, కొన్నేళ్లు స్టెర్న్ సంస్థ దాదాపు ఒంటరిగా మిగిలింది. 2011 తర్వాత కొత్త తయారీదారులు మళ్లీ పుట్టుకొచ్చారు. 2021 నుంచి స్టెర్న్ తన యంత్రాలను ఇంటర్నెట్‌కు కలిపి, ఆటగాళ్లు ఫోనుతో తమ స్కోరు దాచుకునే వీలు కల్పించింది.

ఆకర్షణ చావలేదని ఇవన్నీ చెబుతున్నాయి. కానీ కొత్తవారికి మొదటి రెండు నిమిషాలే గండం. బంతి రెండు మీటల మధ్య నుంచి జారిపోతుంది, ఏం తప్పు చేశామో అర్థం కాదు. ఆధునిక యంత్రాల నియమాలు పెద్ద పుస్తకమంత ఉంటాయి. సరదాగా ఆడేవారికి అవేవీ అక్కర్లేదు. తాము కొట్టిన దెబ్బకు ఫలితం వెంటనే కనిపిస్తే చాలు. అందుకే తొలి క్షణాల్లో జారిన బంతిని యంత్రమే తిరిగి ఇచ్చే ఏర్పాటు చేశారు. మనిషి మనసుకు మరో బలహీనత కూడా ఉంది. కేవలం అదృష్టం మీద నడిచే పనిలోనూ తన చేయి ఉందని నమ్ముతుంది. మనస్తత్వవేత్త ఎలెన్ లాంగర్ 1975లో దీనికి ‘నియంత్రణ భ్రమ’ అని పేరు పెట్టారు. పిన్‌బాల్‌లో విశేషమేమిటంటే, మొదట్లో భ్రమగా ఉన్న నియంత్రణ సాధన చేసేకొద్దీ కొంతైనా నిజమవుతుంది.

పిల్లల ఇష్టం కన్నా గట్టి అడ్డంకి మరొకటుంది. స్ప్రింగు అలుస్తుంది, తీగచుట్ట కాలుతుంది, రబ్బరు చిట్లుతుంది. బాగుచేసే చేయి లేకపోతే యంత్రం మూలన పడుతుంది. ఇక్కడే టికియాపారా మళ్లీ గుర్తుకు రావాలి. పోత ఇనుము, లేతు పనులకు పేరుపడి ఒకప్పుడు ‘తూర్పు దేశాల షెఫీల్డ్’ అనిపించుకున్న హౌరాలో భాగమది. నది అవతల కోల్‌కతాలో 1959 నుంచి బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం, 1997 నుంచి సైన్స్ సిటీ పిల్లల చేత యంత్రాలను ముట్టిస్తున్నాయి. విజ్ఞాన ప్రదర్శనలకు కావలసిన పనితనం, దాన్ని వాడుకోగల వేదిక రెండూ ఒకే నదికి అటూ ఇటూ ఉన్నాయి.

ఆసక్తి ఉందో లేదో తేల్చడానికి ఖరీదైన యంత్రం కూడా అక్కర్లేదు. ఒక చెక్క పలక, పది వరుసల మేకులు, కింద పదకొండు గళ్లు, కొన్ని గోళీలు, పలక కింద ఎత్తుకు రెండు పుస్తకాలు చాలు. వంద గోళీలు వదిలి ఏ గడిలో ఎన్ని పడ్డాయో పిల్లల చేత రాయించండి. గంట ఆకారం మెల్లగా తేలుతుంది. ఆ తర్వాత పుస్తకాల ఎత్తు మార్చమనండి. గోళీ ఎటు పోతుందోనని వారు పలక మీదికి వంగితే, ఈ వ్యాసం అడిగిన ప్రశ్నకు సమాధానం దొరికినట్టే.